ముందు మదర్‌బోర్డు, ఆ తర్వాతే విమానం

ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని ఒక సామెత. కంప్యూటర్‌లో విమానం నడపాలని ఉబలాటపడే మనలో చాలామందికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఫ్లైట్ సిమ్యులేటర్ అనగానే అందరి చూపూ మొదట గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. ఏ కార్డు, ఎన్ని జీబీలు, ఎంత ఖరీదు అన్న చర్చతోనే మధ్యాహ్న విరామం గడిచిపోతుంది. ఆ కార్డును మోయవలసిన మదర్‌బోర్డు గురించి అడిగేవారు అరుదు. విద్యార్థి కొనే కంప్యూటర్‌లో అన్నిటికంటే ముందు ఆలోచించి ఎంచుకోవలసింది మదర్‌బోర్డేనని, గ్రాఫిక్స్ కార్డు అన్నిటికంటే చివర కొన్నా నష్టం లేదని మా అభిప్రాయం. పదకొండో తరగతిలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మేము ఎందుకిలా అనుకుంటున్నామో ఈ వ్యాసంలో చెబుతాం.

ఇది ఆట విషయమే కాదు, ఇంటి డబ్బు విషయం కూడా. మనలో ఎక్కువమంది తల్లిదండ్రులు నెల జీతం మీద ఇల్లు నడిపేవారు. పిల్లల కోసం కంప్యూటర్ కొనడమంటే ఏ దసరా బోనసో, ఏ పాత బకాయిలో వచ్చినప్పుడు కొనడమే. ఒకసారి కొన్నది ఐదారేళ్ళు ఇంటిల్లిపాదికీ పనికిరావాలి. గ్రాఫిక్స్ కార్డు తక్కువదైతే రెండేళ్ళ తర్వాత అదొక్కటే మార్చుకోవచ్చు. మదర్‌బోర్డు తప్పుగా ఎంచుకుంటే మాత్రం దానితోపాటు ప్రాసెసర్, చాలాసార్లు ర్యామ్ కూడా మార్చాల్సి వస్తుంది. అంటే దాదాపు కొత్త కంప్యూటర్ కొన్నట్టే. ఆ భారం మోసేది మనం కాదు, అమ్మానాన్నలు.

సిమ్యులేటర్ యంత్రాన్ని ఏమి అడుగుతుంది?

నేల మీద ఉండి ఎగరడం నేర్చుకోవాలన్న కోరిక కంప్యూటర్ కంటే పాతది. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన, ఆర్గన్ వాద్యాలు తయారుచేసే తన తండ్రి కర్మాగారంలోని గాలితిత్తుల పరిజ్ఞానంతో ఒక శిక్షణ యంత్రం తయారుచేశాడు. లింక్ ట్రైనర్ అనే ఆ చెక్కపెట్టె రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎంతోమంది పైలట్లకు తొలి పాఠశాల అయింది. మన దగ్గరికి వస్తే, ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు దశాబ్దాలపాటు హైదరాబాద్‌లోని సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో సిమ్యులేటర్ల మీద శిక్షణ పొందారు. ఇక ఇంటి కంప్యూటర్ల విషయంలో ఒక ముచ్చట ఉంది. 1982లో ఐబీఎం పీసీ కోసం మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మొదటిసారి విడుదలైంది. ఆ రోజుల్లో వేరే కంపెనీలు తయారుచేసిన పీసీలు ఐబీఎం పీసీకి నిజంగా సరితూగుతాయో లేదో తెలుసుకోవడానికి ఈ సిమ్యులేటర్‌ను నడిపి చూసేవారు. అది నడిచిందంటే యంత్రం నమ్మదగినదని అర్థం. ఆటగా పుట్టినది యంత్రానికే పరీక్షాపత్రం అయింది. నలభై ఏళ్ళు దాటినా ఆ గుణం మారలేదు.

మిగతా ఆటలకూ దీనికీ తేడా ఏమిటి? తుపాకులతో కాల్చుకునే ఆటలో పని ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డుదే. గోడలు, నీడలు, నిప్పురవ్వలు గీయాలి. సిమ్యులేటర్‌లో గీయడం సగం పనే. సెకనుకు 30 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 33 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలోనే రెక్క మీద గాలి ఎంత బలం చూపుతోంది, ఇంధనం ఎంత తగ్గింది, మబ్బులో గాలి ఎటు తోస్తోంది, చుట్టూ ఎన్ని విమానాలు ఎగురుతున్నాయి, కాక్‌పిట్‌లోని తెరల మీద ఏ అంకెలు కనిపించాలి అన్నవన్నీ లెక్కకట్టాలి. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్ అయితే రెక్కను చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్క మీద పనిచేసే బలాన్ని విడివిడిగా లెక్కించి కూడుతుంది. మన ఫిజిక్స్ మేడమ్ బోర్డు మీద చేసే పనినే అది సెకనుకు పదుల సార్లు చేస్తుందన్నమాట.

ఈ లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. పైగా ఈ పనిని అన్ని కోర్లకూ సమానంగా పంచడం కష్టం. ఒక లెక్క ఫలితం తేలితేగాని తర్వాతి లెక్క మొదలుకాదు. అందుకే ఒక కోరు చెమటోడుస్తుంటే మిగతావి చేతులు కట్టుకుని చూస్తుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిచి మొత్తం ప్రాసెసర్ వాడకం 30 శాతమే ఉందని చూసి, ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, కార్డే చాలడం లేదని చాలామంది అనుకుంటారు. ఆ 30 శాతం సగటు మాత్రమే. ఇంట్లో ఒక్కరే వంట చేస్తుండగా ఐదుగురు టీవీ చూస్తుంటే, సగటున అందరూ కొంచెం కొంచెం పని చేస్తున్నారని చెప్పినట్టు ఉంటుంది ఆ లెక్క.

ఖర్చుకు ముందు పరీక్ష

ఇంట్లో ఇప్పటికే కంప్యూటర్ ఉంటే, ఏది కొనాలన్న ప్రశ్నకు ముందు ఏది అడ్డుపడుతోందన్న ప్రశ్న వేసుకోవాలి. దీనికి పైసా ఖర్చులేని పరీక్షలు రెండున్నాయి. మొదటిది: మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ఫ్రేముల లెక్క చూపే చిన్న పెట్టె ఒకటి వస్తుంది. మెయిన్ థ్రెడ్ వల్ల ఆగుతోందా, గ్రాఫిక్స్ కార్డు వల్ల ఆగుతోందా అన్నది అదే రాసి చూపిస్తుంది. రెండోది: ఏ సిమ్యులేటర్‌కైనా పనికివచ్చేది. తెర రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు మీద భారం ఉన్నట్టు. రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు కదలకపోతే అడ్డు ప్రాసెసర్ వైపు ఉన్నట్టు. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా లాభం ఉండదు. పెద్ద నగరాల విమానాశ్రయాల్లో దిగేటప్పుడు ఫ్రేములు పడిపోయి, పల్లెల మీద ఎగిరేటప్పుడు బాగుంటే అది కూడా ఎక్కువగా ప్రాసెసర్ లక్షణమే.

4కే తెర మీద ఆడేవారికీ, కళ్ళకు వీఆర్ అద్దాలు తగిలించుకునేవారికీ పెద్ద గ్రాఫిక్స్ కార్డు తప్పదని మేమూ ఒప్పుకుంటాం. కానీ మన ఇళ్ళలో ఉండేది మామూలు 1080పీ తెర. ఆ తెరకు తగ్గ లెక్కే మనకు కావాలి.

సాకెట్ చెప్పే భవిష్యత్తు

మన పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకం మొదటి పాఠంలోనే క్యాష్ మెమరీ గురించి ఉంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసే ఈ విషయం సిమ్యులేటర్‌కు ప్రాణం. లెక్కకు కావలసిన అంకెలు ప్రాసెసర్ పక్కనే క్యాష్‌లో ఉంటే పని వెంటనే సాగుతుంది. లేకపోతే ర్యామ్ దాకా వెళ్ళి తెచ్చుకోవాలి. వంటగది గట్టు మీదున్న ఉప్పుడబ్బాకూ, వీధి చివర కొట్టులో ఉన్న ఉప్పు ప్యాకెట్‌కూ ఉన్న తేడా ఇది.

ఇక్కడే మదర్‌బోర్డు కథ మొదలవుతుంది. 2017లో ఏఎమ్‌డీ మొదటి రైజెన్ ప్రాసెసర్లు ఏఎం4 అనే సాకెట్‌తో వచ్చాయి. ఆనాటి రైజెన్ 7 1700లో మూడో స్థాయి క్యాష్ 16 ఎంబీ. 2022 ఏప్రిల్‌లో అదే ఏఎం4 సాకెట్‌కు రైజెన్ 7 5800ఎక్స్3డీ అనే ప్రాసెసర్ వచ్చింది. అందులో క్యాష్ 96 ఎంబీ, అంటే ఆరు రెట్లు. సిమ్యులేటర్లు ఆడేవారు దానికోసం ఎగబడడానికి కారణం ఇదే. 2017 నాటి బీ350 బోర్డులకు కూడా ఈ ప్రాసెసర్లు సరిపోయేలా ఏఎమ్‌డీ 2022లో అనుమతించింది. బోర్డు తయారీదారులు అందుకు తగ్గ బయోస్‌లు విడుదల చేశారు. ఐదేళ్ళ క్రితం మంచి బోర్డు కొన్న ఇంట్లో బోర్డు, ర్యామ్, పవర్ సప్లై ఏవీ మార్చకుండా ఒక్క ప్రాసెసర్ మార్చి కొత్త తరంలోకి అడుగుపెట్టగలిగారు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1151 సాకెట్ బోర్డులు 2015లో ఆరో తరం ప్రాసెసర్లతో వచ్చాయి. 2017 చివర వచ్చిన ఎనిమిదో తరానికీ అదే సాకెట్ పేరు, అవే 1151 స్పర్శలు. కానీ పాత 100, 200 శ్రేణి బోర్డుల్లో అవి పనిచేయవు, 300 శ్రేణి బోర్డు కొత్తగా కొనాల్సిందే. సాకెట్ పేరు ఒక్కటే చూసి కొన్నవారు నష్టపోయారు. తర్వాతి ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14 తరాలకు పనికివచ్చింది. 2024లో ఇంటెల్ మళ్ళీ ఎల్‌జీఏ 1851కి మారింది.

ఏ కంపెనీ గొప్పది అన్న వాదన మాకు అనవసరం. మేము చెప్పేది ఒక్కటే. బోర్డు కొనేటప్పుడు ఈ రోజు అందులో ఏ ప్రాసెసర్ ఉందన్నదానికంటే, మూడేళ్ళ తర్వాత అందులో ఏ ప్రాసెసర్ పెట్టగలం అన్నది ముఖ్యం. ఇప్పుడు కొత్తగా కొనేవారికి 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌ను 2027 వరకైనా కొనసాగిస్తామని ఏఎమ్‌డీ ప్రకటించింది. ఈ రోజు అందులో మామూలు ఆరు కోర్ల ప్రాసెసర్ పెట్టి, ఉద్యోగం వచ్చాకో, ధరలు దిగాకో పెద్ద క్యాష్ ఉన్నది పెట్టుకోవచ్చు. చేతిలో ఇప్పటికే ఏఎం4 బోర్డు ఉన్నవారు మాత్రం దాన్ని పారేయకండి. ముందు తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ బోర్డు ఏ ప్రాసెసర్లకు పనికివస్తుందో జాబితా చూడండి.

బోర్డు మీద ఏమి చూడాలి?

దుకాణంలో బోర్డు పెట్టె మీద రంగురంగుల దీపాల బొమ్మలు పెద్దవిగా ఉంటాయి. చూడవలసినవి ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి.

మొదటిది విద్యుత్తు భాగం. దీన్ని వీఆర్ఎం అంటారు. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన సుమారు 1.2 వోల్టులకు దించేది ఇదే. పదో తరగతిలో చదువుకున్న సూత్రం గుర్తుచేసుకోండి: వాట్లు అంటే వోల్టులు ఇంటూ ఆంపియర్లు. ప్రాసెసర్ 100 వాట్లు తీసుకుంటే 1.2 వోల్టుల దగ్గర 80 ఆంపియర్లకు పైగా కరెంటు ఆ చిన్న చిప్పుల గుండా పోవాలి. చవక బోర్డుల్లో ఈ చిప్పులు తక్కువ, వాటి మీద వేడిని లాగేసే లోహపు పలక కూడా ఉండదు. అవి కాలిపోయేంత వేడెక్కితే బోర్డు తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. చల్లని దేశంలో, ఏసీ గదిలో చేసిన యూట్యూబ్ సమీక్షలో ఇది బయటపడదు. మే నెలలో విజయవాడలోనో నాగపూర్‌లోనో పై అంతస్తు క్వార్టర్‌లో ఆడితే బయటపడుతుంది. కాబట్టి వీఆర్ఎం మీద లోహపు పలక ఉన్న బోర్డునే తీసుకోవాలని మా మాట.

రెండోది ర్యామ్. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకటి రెండోదాని స్థానంలో దూరదు. కుదిరితే నాలుగు గాళ్ళున్న బోర్డు చూడండి. రెండే ఉన్నా పనికిరాదని కాదుగాని, తర్వాత పెంచుకోవాలంటే పాతవి తీసేయాలి. 16 జీబీ కావాలంటే ఒకే 16 జీబీ కడ్డీ బదులు రెండు 8 జీబీవి తీసుకుంటే ప్రాసెసర్‌కు రెండు దారులు దొరుకుతాయి. నాలుగు గాళ్ళున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో గాళ్ళలో పెట్టాలి. బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే కొన్న వేగం అందదు. ఇవేవీ ఖర్చుతో పనిలేని జాగ్రత్తలు.

మూడోది గ్రాఫిక్స్ కార్డు గాడి. మా తరగతి మిత్రుడి అన్నయ్య పాత బోర్డుకు ఒక దుకాణంలో ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అంటగట్టారు. ఆ కార్డు పొడవాటి గాడిలోనే కూర్చుంటుంది గాని, వాడుకునేవి నాలుగు లేన్లు మాత్రమే. పీసీఐఈ 4.0 బోర్డులో ఒక్కో లేను సెకనుకు సుమారు 2 జీబీ మోస్తుంది కాబట్టి నాలిగింటికి 8 జీబీ. ఆయన బోర్డు పీసీఐఈ 3.0, అక్కడ దొరికేది అందులో సగం. కార్డులో ఉన్న 4 జీబీ మెమరీ నిండగానే ఈ ఇరుకుదారిలో ఫ్రేములు కుంటుపడతాయి. ఆయన బోర్డు ఏమిటని కూడా అడగకుండా కార్డు అమ్మేశారు. కార్డు, బోర్డు రెండూ జంటగా చూడవలసినవని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

నాలుగోది ఎం.2 గాడి. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ పెట్టేది ఇందులోనే. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020కి కంపెనీ అడిగిన ఖాళీ స్థలం 150 జీబీ. దీన్ని పాత హార్డ్ డిస్క్‌లో పెడితే సిమ్యులేటర్ మొదలయ్యేలోపు టీ కాచుకుని తాగి రావచ్చు. కనీసం ఒక గాడి ఎన్‌వీఎంఈకి పనికివచ్చేదై ఉండాలి, రెండుంటే మేలు. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 వాడితే కొన్ని సాటా పోర్టులు మూగబోతాయి. మాన్యువల్‌లో ఈ సంగతి రాసి ఉంటుంది.

ఐదోది వెనుక భాగం. జాయ్‌స్టిక్, థ్రాటిల్, కాలి పెడళ్ళు, కీబోర్డు, మౌస్, హెడ్‌ఫోన్ అన్నీ యూఎస్‌బీకే. నాలుగు యూఎస్‌బీ పోర్టులున్న బోర్డు సిమ్యులేటర్‌కు చాలదు. మామూలు వైర్ ఇంటర్నెట్ పోర్టు కూడా ముఖ్యమే. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ రెండు పెటాబైట్లకు పైగా ఉన్న భూగోళం బొమ్మల నుంచి మనం ఎగిరే చోటికి కావలసినవి అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో తెచ్చుకుంటుంది. 2024 సంచికలో ఈ అలవాటు మరింత పెరిగింది. ఇంట్లో నెట్ నెమ్మదిగా ఉంటే ఏ కార్డూ కొండలను స్పష్టంగా చూపలేదు.

వీటి కోసం పెద్ద చిప్‌సెట్ బోర్డు అక్కరలేదు. బీ550, బీ650, బీ760 వంటి మధ్యతరగతి చిప్‌సెట్‌లలో మంచి బోర్డులు చాలా ఉన్నాయి. ఎక్స్, జెడ్ అక్షరాల బోర్డుల అదనపు ధరలో మనకు పనికివచ్చేది తక్కువ. అలాగని అన్నిటికంటే అడుగు మెట్టు దగ్గర ఆగినా నష్టమే. ఈ విషయంలో మధ్యతరగతిగా ఉండడం మంచిదే.

మన ఇళ్ళ పరిస్థితులు

విదేశీ సమీక్షల్లో కనిపించని కష్టాలు మనకు నాలుగున్నాయి: కరెంటు, వేడి, దుమ్ము, బదిలీ.

కరెంటు సంగతి చూడండి. బయోస్ మారుస్తుండగా కరెంటు పోతే బోర్డు మళ్ళీ లేవకపోవచ్చు. అందుకే యూపీఎస్ ఉన్నప్పుడే ఆ పని చేయాలి, లేదా బయోస్ ఫ్లాష్‌బ్యాక్ మీట ఉన్న బోర్డు కొనాలి. ఆ మీట ఉంటే పాడైన బయోస్‌ను పెన్‌డ్రైవ్‌తో మళ్ళీ ఎక్కించవచ్చు. ఇక పవర్ సప్లై. చాలామంది అంతా కొన్నాక మిగిలిన చిల్లరతో దాన్ని కొంటారు. పేరులేని పవర్ సప్లై పాడైతే ఒంటరిగా పోదు, బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోతుంది. పెట్టె మీద 80 ప్లస్ అని ఉంటే అది కరెంటును ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, రక్షణ గురించి పూర్తిగా చెప్పదు. పేరున్న కంపెనీది, ఐదేళ్ళ వారంటీ ఉన్నది తీసుకోవడం క్షేమం.

బదిలీ సంగతి మన పాఠశాలల పిల్లలకు చెప్పక్కరలేదు. పఠాన్‌కోట్ నుంచి విశాఖకు, విశాఖ నుంచి జోర్హాట్‌కు సామాను లారీలో వెళ్తుంది. బరువైన గ్రాఫిక్స్ కార్డును బోర్డులోనే ఉంచి పంపితే దారిలోని కుదుపులకు గాడి విరగవచ్చు. కార్డు విప్పి, దాని పెట్టెలో పెట్టి, చేతిసంచిలో తీసుకెళ్ళాలి. చిన్న బోర్డు, చిన్న క్యాబినెట్ ఎంచుకోవడానికి ఇది కూడా ఒక కారణం. మైక్రో ఏటీఎక్స్ బోర్డు మన అవసరాలకు చాలు.

కొనేచోటు గురించి ఒక మాట. ఢిల్లీ నెహ్రూ ప్లేస్, బెంగళూరు ఎస్పీ రోడ్, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబై లామింగ్టన్ రోడ్, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల బేరం కుదురుతుంది. బిల్లు లేకుండా ఇస్తే జీఎస్టీ మిగులుతుందని ఎవరైనా ఆశపెడితే లొంగకండి. బిల్లు లేకపోతే చాలా కంపెనీల వారంటీ దక్కదు. మూడేళ్ళ వారంటీ ఉన్న బోర్డును కాగితం లేకుండా కొనడం మూడేళ్ళ ధైర్యాన్ని వదులుకోవడమే. బదిలీ అయ్యే కుటుంబాలు, ఆ కంపెనీ సర్వీసు సెంటర్ తాము వెళ్ళే ఊళ్ళలో ఉందో లేదో కూడా అడగాలి. వాయిదాల మీద పెద్ద కార్డు కొనడం గురించి మేము చెప్పేదేముంది, అప్పు చేసి పప్పు కూడు అని పెద్దలు ఎప్పుడో చెప్పారు.

మా వరస

ఖర్చు ఏ వరసలో పెట్టాలని అడిగితే మా జవాబు ఇది. మొదట ఏమీ కొనకండి. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ పూర్తిగా ఉచితం, దాని ప్రోగ్రాం కూడా అందరూ చదువుకోవచ్చు. పాత కంప్యూటర్లలో, లైనక్స్‌లో కూడా నడుస్తుంది. ఎక్స్-ప్లేన్ కూడా ఉచిత డెమో ఇస్తుంది. వాటితో మూడు నెలలు ఎగరండి. ఆసక్తి నిలబడితే రెండో మెట్టు ఒక మామూలు జాయ్‌స్టిక్. పిడి తిప్పితే రడ్డర్ పనిచేసేది తీసుకుంటే పెడళ్ళు ఇప్పుడే అక్కరలేదు. కీబోర్డుతో ఆడేవారికి జాయ్‌స్టిక్ ఇచ్చే ఆనందం ఏ గ్రాఫిక్స్ కార్డూ ఇవ్వలేదు. తల తిప్పితే కాక్‌పిట్‌లో చూపు తిరగడానికి ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత ప్రోగ్రాం, ఆన్‌లైన్ తరగతుల కాలంలో కొన్న వెబ్‌క్యామ్ చాలు.

మూడో మెట్టు పాత యంత్రానికి ఎస్ఎస్‌డీ, ర్యామ్. మైక్రోసాఫ్ట్ 2020 సంచికకు 16 జీబీ, 2024 సంచికకు 32 జీబీ ర్యామ్ ఉంటే మంచిదని కంపెనీయే చెప్పింది. అప్పటికీ చాలకపోతేనే నాలుగో మెట్టుగా మంచి బోర్డు, మధ్యరకం ప్రాసెసర్, నమ్మకమైన పవర్ సప్లై. గ్రాఫిక్స్ లోపలే ఉన్న రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్‌తో కార్డు లేకుండానే మొదలుపెట్టవచ్చు. అయితే అందులో క్యాష్ 16 ఎంబీయే, మామూలు 5600లో 32 ఎంబీ ఉంటుంది. ఈ తేడా తెలిసి కొంటే చింత ఉండదు. చివరి మెట్టు గ్రాఫిక్స్ కార్డు. పాత కార్డు కొనేవారు అది పెద్ద ఆట నడుస్తుండగా అరగంటైనా చూసి కొనాలి.

వినిపించే అభ్యంతరాలు

ఇంత శ్రమ ఎందుకు, ల్యాప్‌టాప్ కొంటే పోదా అని కొందరంటారు. చదువుకు ల్యాప్‌టాప్ మంచిదే. కానీ అందులో ప్రాసెసర్, గ్రాఫిక్స్ దాదాపు ఎప్పుడూ బోర్డుకే అతికించి ఉంటాయి. అవి పాతబడితే మొత్తం పాతబడ్డట్టే. ఎక్స్‌బాక్స్ కొంటే చవక కదా అని మరికొందరంటారు. ఆడుకోవడానికి మాత్రమే అయితే నిజమే. దానిలో పైథాన్ ప్రాజెక్టు చేయలేం, మూత విప్పి ర్యామ్ మార్చలేం, ఎక్స్-ప్లేన్, ఫ్లైట్‌గేర్ అందులో నడవవు.

అసలు ఇదంతా కాలక్షేపం, బోర్డు పరీక్షల ముందు ఈ బోర్డు గొడవేమిటని పెద్దలు అనవచ్చు. వారి భయం సరైనదే. ఇంట్లో సిమ్యులేటర్ మీద గడిపిన గంటలు పైలట్ లైసెన్సు లాగ్‌బుక్‌లో ఎక్కవు. గంటల తరబడి తెర ముందు కూర్చుంటే కళ్ళకూ నడుముకూ చేటే. కానీ లేహ్‌లో పదివేల అడుగుల పైన ఉన్న రన్‌వే నుంచి పైకి లేవడానికి విమానం ఎందుకు అంత దూరం పరుగెత్తుతుందో, నేపాల్‌లోని లుక్లాలో 527 మీటర్ల రన్‌వేను ఏటవాలుగా ఎందుకు కట్టారో సిమ్యులేటర్‌లో ప్రయత్నించినవాడికి గాలి సాంద్రత పాఠం మళ్ళీ చెప్పక్కరలేదు. ఆ సిమ్యులేటర్ నడిచే యంత్రాన్ని స్వయంగా ఎంచుకుని బిగించినవాడికి కంప్యూటర్ వ్యవస్థ పాఠమూ అంతే.

మా పాఠశాల పెద్దలకు ఒక విన్నపం చేసి ముగిస్తాం. ప్రతి పాఠశాలలోనూ వాడుకలోంచి తీసేసిన కంప్యూటర్లు ఏదో ఒక గదిలో ఉంటాయి. నియమాలు అనుమతించిన మేరకు వాటిలో రెండింటికి ర్యామ్, ఎస్ఎస్‌డీ చేర్చి, లైనక్స్, ఫ్లైట్‌గేర్ పెట్టి, శనివారం కార్యక్రమాల్లో మాకు అప్పగించండి. విప్పి బిగించే పని మేమే చేస్తాం, తొమ్మిదో తరగతి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మేమే నేర్పుతాం. ఇంట్లో కంప్యూటర్ కొనే స్తోమత లేని మిత్రులకు కూడా అక్కడ ఒక కాక్‌పిట్ దొరుకుతుంది. కొనగలిగిన మిత్రులకు మా మనవి ఒక్కటే. దుకాణానికి వెళ్ళేముందు ఒక కాగితం మీద సాకెట్ పేరు, చిప్‌సెట్ పేరు, ర్యామ్ రకం, ఎం.2 గాళ్ళు, యూఎస్‌బీ పోర్టులు అన్న ఐదు గళ్ళు గీసి నింపుకుని, ఆ కాగితం నాన్నగారి చేతిలో పెట్టండి. కార్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు.